సర్కారు బడి ప్రార్థనలో శ్లోకాలు: ఇష్టం లేనివాళ్లు పక్కకి నిలబడాలా? (విజయనగరం, శ్రీకాకుళం సభ్యులు చెప్పండి)

వేగావతి (చర్చ మొదలుపెట్టినవారు)

నమస్తే. బొబ్బిలి దగ్గర పల్లె మాది. పాప జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. బడులు తెరిచిన దగ్గర్నుంచి పొద్దుటి అసెంబ్లీలో కొత్త పద్ధతి ఒకటి వచ్చింది. వందేమాతరం, మా తెలుగు తల్లికి, ప్రతిజ్ఞ అయ్యాక పిల్లలందరూ చేతులు జోడించి కళ్లు మూసుకోవాలి. ఒక సరస్వతీ స్తోత్రం, రెండు గీతా శ్లోకాలు. రోజుకొకరు మైకులో చెప్తారు, మిగతావాళ్లు వెనకాల అందుకోవాలి.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. మనిషి మంచిచెడ్డలు మనిషే తేల్చుకోవాలనుకునే రకం, మానవవాదం అంటారు దీన్ని. మా ఆవిడకి నమ్మకం ఉంది, శుక్రవారం దీపం పెడుతుంది, కొబ్బరికాయ తెచ్చేది నేనే. ఇంట్లో గొడవేం లేదు. పెద్దయ్యాక ఏం నమ్మాలో పాపే తేల్చుకుంటుందని ఇద్దరం అనుకున్నాం.

హెడ్మాస్టరు గారిని కలిశాను. చాలా మర్యాదగా మాట్లాడారు. "ఇష్టం లేకపోతే ఒక కాగితం రాసివ్వండి సార్, ఆ ఐదు నిమిషాలూ పాపని వరండాలో ఉంచుతాం" అన్నారు. ఇంటికొచ్చి పాపతో చెప్తే ఏడుపు ఒక్కటే తక్కువ. "అందరూ నన్నే చూస్తారు నాన్నా, వద్దు, నేను చెప్పేస్తాలే" అంది.

చట్టం ఏమంటుంది? మీ బడుల్లో ఏం చేస్తున్నారు? బడి పేరు మాత్రం అడక్కండి.

నిర్వాహకుడు

బడి పేర్లు, మాస్టర్ల పేర్లు రాసిన పోస్టులు తీసేస్తాం. ఏ దేవుణ్నీ తిట్టొద్దు, ఏ మనిషినీ తిట్టొద్దు. కానివ్వండి.

ఉద్దానం_జీడి

ఇదేటి బావూ, ఐదు నిమసాల శ్లోకానికి ఇంత పంచాయితీ! మా సోంపేట బళ్లో లెక్కల మేస్టారు బెత్తం తీస్తే సాలు, అన్ని మతాల దేవుళ్లూ ఒక్కపాలి గురుతొచ్చీవోరు. కాగితం గీగితం ఏటీ లేదు.

కోట_జంక్షన్

వేగావతి గారూ, మీ నమ్మకం మీది, కాదనను. కానీ గీతలో తప్పేముంది? కర్తవ్యం చెయ్యి, ఫలితం మీద ఆశ పెట్టుకోకు అంటే అది ఏ మతంవాడికైనా పనికొచ్చేదే కదా. నేను విజయనగరం టౌన్లో మిషన్ వాళ్ల స్కూల్లో చదువుకున్నాను. రోజూ బైబిల్ వాక్యం చదివించారు, డిసెంబరంతా కేరల్స్ పాడించారు. మా నాన్న పరమ భక్తుడు, ఒక్కమాట అనలేదు. నేనేం మతం మారిపోలేదు. అప్పుడెవరూ మానవవాదం మాట్లాడలేదు, ఇప్పుడు శ్లోకం అనేసరికి రాజ్యాంగం గుర్తొస్తోంది.

కాగితాలాయన

రిటైరయ్యేదాకా కోర్టు కాగితాల మధ్యే బతికాను కాబట్టి చట్టం సంగతి నేను చెప్తాను.

రాజ్యాంగం 28వ అధికరణలో మూడు ముక్కలున్నాయి. మొదటిది: పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన ఉండకూడదు. జిల్లా పరిషత్ బడి దీని కిందికే వస్తుంది. రెండోది: ఏదైనా ధర్మనిధి పెట్టిన షరతు ప్రకారం మతబోధన జరగాల్సిన సంస్థని ప్రభుత్వం నిర్వహిస్తుంటే దానికి మినహాయింపు. మూడోది అందరూ తిరగేసి చదివేది. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న ఏ బడిలోనైనా, విద్యార్థి ఒప్పుకుంటే తప్ప, మైనరైతే సంరక్షకులు ఒప్పుకుంటే తప్ప, మతబోధనకీ పూజకీ హాజరు కావాలని పట్టుబట్టకూడదు.

ఒప్పుకుంటే తప్ప. అంటే కాగితం రాయాల్సింది ఇష్టం లేనివాళ్లు కాదు, ఇష్టమున్నవాళ్లు. హెడ్మాస్టరు గారు దాన్ని తలకిందులు చేశారు. అదీ ప్రైవేటు, ఎయిడెడ్ బడుల సంగతి. ఆయనది సర్కారు బడి, అక్కడ అసలు కాగితం ప్రసక్తే రాకూడదు.

కోట_జంక్షన్ గారూ, మీ మిషన్ స్కూలూ ఈ మూడో ముక్క కిందికే వస్తుంది. మీ నాన్నగారి అంగీకారం అడిగి ఉండాల్సింది. అడగలేదంటే తప్పు వాళ్లదే. ఆ తప్పుకి ఈ తప్పు సమాధానం కాదు.

ఒక మెలిక కూడా చెప్పాలి. ప్రార్థనలో శ్లోకం చెప్పించడం "మతబోధన" అవుతుందా లేదా అన్నది ఇంకా తేలలేదు. కేంద్రీయ విద్యాలయాల్లో చెప్పించే సంస్కృత ప్రార్థన మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. 2019 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని పెద్ద ధర్మాసనం చూడాలంది. కాబట్టి "చట్టం నా పక్షాన ఉంది" అని బల్లగుద్దకండి.

చంపావతి_టీచర్

గజపతినగరం వైపు సోషల్ చెప్తాను, ఇరవయ్యేళ్ల పైబడిన సర్వీసు. బయటివాళ్లు అనుకున్నట్టు ఇది పైనుంచి వచ్చిన పథకం కాదు చాలాచోట్ల. అసెంబ్లీలో "నేటి మంచిమాట" అని ఒక అంశం ఉంటుంది. రోజూ కొత్త మంచిమాట ఎక్కడ దొరుకుతుంది? తెలుగు మాస్టారికి శ్లోకం వచ్చు, అది చెప్పిస్తారు. ఒక ఏడాది అలవాటైతే తర్వాత హెడ్మాస్టరు మారినా అది బడి ఆచారం అయిపోతుంది. ఏదో బ్యాచ్ పూర్వ విద్యార్థులు కలుసుకుంటారు, గేటు పక్కన సరస్వతీదేవి బొమ్మ పెట్టించి వెళ్తారు. టాయిలెట్ కట్టించమంటే శిలాఫలకానికి అందం రాదు కదా. పదో తరగతి హాల్ టికెట్లు ఆ బొమ్మ ముందు పెట్టి పంచుతారు. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు. ఆ గుంపులో ఇష్టం లేని పిల్ల ఉంటుందన్న ఊహ కూడా రాదు.

పిల్లాడు తనంతట తాను చేసుకునేదానికి నేను అడ్డు చెప్పను. కార్తీకంలో నల్లబట్టలతో, మాలతో వస్తారు. మేం కూడా "స్వామీ" అనే పిలుస్తాం. దీక్ష అయ్యేదాకా దెబ్బలుండవని ఆ బట్టలు కట్టినవాళ్లూ నాకు తెలుసు. అమ్మాయి ముసుగు వేసుకున్నా, మెడలో సిలువ ఉన్నా అంతే. అది వాళ్ల ఒంటి మీదిది. మైకు బడిది. మైకులో వచ్చేది ప్రభుత్వం చెప్పిన మాట కింద లెక్క.

ఉద్దానం_జీడి

మాల ఏసుకున్న గుంటడికి హోంవర్కు కూడా అడగరు మేడమ్. ఆ సంగతీ రాయండి.

లీసెస్టర్_రాజాం

రాజాం మాది, ప్రస్తుతం ఇంగ్లండులో ఉంటున్నాను. మీ హెడ్మాస్టరు గారు చెప్పిన పద్ధతి ఇక్కడ చట్టంలోనే ఉంది. 1944 విద్యా చట్టం నుంచీ ప్రభుత్వ బడుల్లో రోజూ సామూహిక ప్రార్థన జరగాలి. 1988 చట్టం అది ప్రధానంగా క్రైస్తవ స్వభావంతో ఉండాలంది. తల్లిదండ్రులు కాగితం రాసిస్తే పిల్లల్ని పక్కన కూర్చోబెడతారు. చాలా హైస్కూళ్లు దీన్ని పట్టించుకోవడం మానేశాయి గానీ చట్టం అలాగే ఉంది. పార్లమెంటు ఎగువ సభలో 26 మంది బిషప్పులకు పదవి వల్లే సీట్లున్నాయి. ఇక్కడి మానవవాదులు దశాబ్దాలుగా అడుగుతున్నవాటిలో ముఖ్యమైనవి రెండు: ప్రార్థన ఎత్తేయండి, బిషప్పుల్ని పంపేయండి. మతాల గురించి పాఠం వద్దని వాళ్లు అనరు. ఆ పాఠంలో మతం లేనివాళ్ల ఆలోచన కూడా ఉండాలంటారు. 2015లో హైకోర్టు వాళ్ల వాదన ఒప్పుకుంది, మతేతర దృక్పథాలని వదిలేసి ఇదే పూర్తి మతవిద్య అనడం కుదరదంది.

అసలు విషయం ఇది కాదు. మా తెలుగువాళ్ల గ్రూపులో ప్రతి డిసెంబరూ "మా పిల్లాడిచేత యేసు ప్రార్థన చెప్పిస్తున్నారు, ఏం చెయ్యాలి" అని ఎవరో ఒకరు అడుగుతారు. అందరూ సలహాలిస్తారు, హక్కుల గురించి చాలా బాగా మాట్లాడతారు. అదే గ్రూపులో ఆంధ్రాలో బడి పిల్లలు శ్లోకాలు వల్లిస్తున్న వీడియో వస్తే అదే మనుషులు దణ్ణాలు పెడతారు. తక్కువమందిగా ఉన్నచోట హక్కు, ఎక్కువమందిగా ఉన్నచోట సంస్కృతి.

కోట_జంక్షన్

ఆ మాట ఒప్పుకుంటాను. కానీ నాకూ ప్రశ్నలున్నాయి. మతం ప్రభుత్వంలో ఉండకూడదంటే దేవాదాయ శాఖ ఎందుకు? 1987 చట్టం పెట్టి గుళ్ల హుండీలు లెక్కపెట్టేది ప్రభుత్వం, ఈవోని వేసేది ప్రభుత్వం. చర్చికి ఈవో ఉన్నాడా? ఇంకో పక్క పాస్టర్లకి నెలకి 5000 గౌరవ వేతనం ఇచ్చారు, ఇమాములకి ఇచ్చారు. నా పన్నుతో. అప్పుడు మానవవాదులు ఎక్కడున్నారు? మా విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రాష్ట్ర పండుగ అంటే ఊరంతా సంతోషించాం. రేపు మీలాంటివాళ్లొచ్చి కలెక్టరు రాకూడదు, లోకల్ హాలిడే ఇవ్వకూడదు అంటారు.

వేగావతి

అన్నగారూ, మొదటి రెండింటిలో మీకూ నాకూ తేడా లేదు. ప్రభుత్వం పాస్టరుకి జీతం ఇవ్వకూడదు, ఇమాముకి ఇవ్వకూడదు, అర్చకుడికీ ఇవ్వకూడదు. గుడిని నడపడం కూడా దాని పని కాదు. అయితే ఒక్కటి, గుడి ప్రభుత్వం చేతిలోంచి పోయి ఎవరి చేతిలోకి పోతుంది అన్నది తేలాలి. భూములున్న గుళ్లు మన జిల్లాల్లో తక్కువేం కాదు. ఊరి పెద్దల చేతికి వెళ్తే లెక్క అడిగేవాడు ఉండడు, పేటవాళ్లని లోపలికి రానిస్తారన్న పూచీ ఉండదు. శాఖ పుట్టింది ముఖ్యంగా ఆ లెక్కల భయంతోనే. దానికి దారి చూపించండి, నేనూ మీతో సంతకం పెడతాను.

చట్టం మాత్రం మనిద్దరం అనుకున్నంత ఖచ్చితంగా లేదు. ఒక మతం ప్రోత్సాహం కోసం పన్ను కట్టమని ఎవర్నీ బలవంతం చెయ్యకూడదని 27వ అధికరణ చెప్తుంది. హజ్ సబ్సిడీ కేసులో 2011లో సుప్రీంకోర్టు, పన్నులో గణనీయమైన భాగం దానికే పోతే తప్ప ఉల్లంఘన కాదంది. మరుసటి ఏడాది ఇంకో ధర్మాసనం ఆ సబ్సిడీని పదేళ్లలో దశలవారీగా తీసెయ్యమంది, 2018లోనే ప్రభుత్వం తీసేసింది. నేను తీసెయ్యడమే సరైందంటాను.

సిరిమాను సంగతికొస్తే, మూడు లాంతర్ల దగ్గర్నుంచి కోట వరకు ఆ రోడ్డు మీద అంత జనం నిలబడితే పోలీసులు, మంచినీళ్లు, అంబులెన్సు పెట్టడం ప్రభుత్వం బాధ్యత. ఆరోజు ఊళ్లో ఏ ఆఫీసూ నడవదు, సెలవు ఇవ్వడంలో తప్పేముంది. ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు పట్టుకెళ్లడం దగ్గర మాత్రం నేను ఆగుతాను. మంత్రి గారు సొంత డబ్బుతో సొంత భక్తితో పట్టుకెళ్తే ఎవరికీ అభ్యంతరం లేదు.

బాబామెట్ట_కుర్రాడు

విజయనగరం టౌనే. చిన్నప్పుడు మా అమ్మ నన్ను సిరిమాను చూపించడానికి తీసుకెళ్లేది. చింతమాను చివర పూజారి కూర్చుని గాల్లో ఊగుతూ వస్తుంటే అరటిపళ్లు విసిరేవాళ్లం. ముందు పాలధార, బెస్తవారి వల, అంజలి రథం. మా మెట్ట మీద బాబా దర్గాకి ఉరుసుకి కోట_జంక్షన్ అన్నలాంటివాళ్లు బోలెడంతమంది వస్తారు. ఎవర్నీ ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు.

కానీ పండక్కి వెళ్లాలని లేకపోతే ఇంట్లో పడుకోవచ్చు. బడికి అలా కుదరదు, అటెండెన్స్ ఉంది.

నేను చదివిన బడిలో శ్లోకం ఉండేది. నేను నోరు కదిపేవాణ్ని, గొంతు బయటికి వచ్చేది కాదు. పీఈటీ సార్ వరసల మధ్య తిరుగుతూ నా దగ్గర ఆగేవారు. అంతే, కొట్టలేదు, తిట్టలేదు, ఆగేవారు. ఇప్పటికీ ఆ శ్లోకం నాకు కంఠతా వచ్చు.

కోట_జంక్షన్

తమ్ముడూ, అలా ఆగడం తప్పే.

సీతంపేట_కొండ

అందరూ మూడు మతాల లెక్కలే వేస్తున్నారు. మేం సవరలం, కొండ మీది ఆదివాసులం. మా ఆశ్రమ పాఠశాల అడ్మిషన్ రిజిస్టర్లో మా అందరికీ మతం గడిలో "హిందూ" అని రాసేశారు. రాసిన సారు మమ్మల్ని అడగలేదు. మా అయ్య చదువుకోలేదు, ఆయన్నీ అడగలేదు. హాస్టల్లో వినాయక చవితికి పూజ, ఆదివారం కింద నుంచి ఒక పాస్టరు గారు వచ్చి పాటలు, పళ్లు. రెండూ మాకు కొత్తే. కందికొత్త పండక్కి ఊరు వెళ్తామంటే మాత్రం సెలవు ఇచ్చేవారు కాదు. సెలవుల జాబితాలో లేదు కదా.

2011 జనాభా లెక్కల్లో "ఇతర మతాలు, విశ్వాసాలు" అనే గడిలో దేశం మొత్తం మీద 79 లక్షల మందిని లెక్కేశారు. అందులో ఎక్కువమంది ఆదివాసులే. మా కొండల మీద ఎంతమంది ఆ గడిలో పడ్డారో గానీ, నన్ను అడిగితే నేను అదే చెప్పేవాణ్ని.

గిడుగు రామమూర్తి గారి పేరు పలకని తెలుగు మాస్టారు ఉండరు. ఆయన మా భాష నేర్చుకుని, సొంత డబ్బుతో మా పిల్లలకి బడులు పెట్టారు. ముందు మా మాట నేర్చుకున్నారు, తర్వాత చదువు చెప్పారు. ఆ వరస మాకు నచ్చింది.

కాగితాలాయన

బాగా చెప్పారు. గిడుగు వారి గురించి ఇంకొకటి: వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్థూపాల జాడ 1919లో బయటపెట్టింది కూడా ఆయనే.

అజ్ఞాత_సభ్యుడు

కొత్త ఖాతాతో రాస్తున్నాను, ఎందుకో చదివితే తెలుస్తుంది.

మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పేట. మా తాతల కాలంలోనే బాప్టిస్టు మిషన్ వాళ్ల బడిలో అక్షరాలు నేర్చుకున్నాం. ఊరి బడిలో మా తాతని అరుగు మీదికి కూడా రానివ్వలేదు, మిషన్ బడిలో బల్ల మీద కూర్చోబెట్టారు. ఆయన ఏ దేవుణ్ని నమ్మాడో తర్వాతి సంగతి, ముందు కూర్చోబెట్టినవాళ్లని నమ్మాడు.

కాగితం మీద మేం హిందువులం, ఎస్సీలం. ఆదివారం చర్చికి వెళ్తాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు, సిక్కు, బౌద్ధుడు అయితేనే ఎస్సీ. సిక్కులని 1956లో, బౌద్ధులని 1990లో చేర్చారు. క్రైస్తవుడని రాసుకుంటే మన రాష్ట్రంలో ఎస్సీ పోయి బీసీ-సీ అవుతాం. ఊళ్లో మమ్మల్ని చూసే చూపు మాత్రం ఏ గడి మార్చినా మారదు.

ఇప్పుడు చెప్పండి. "ఇష్టం లేనివాళ్లు కాగితం రాసివ్వండి" అని మా అబ్బాయి బడిలో అంటే నేనేం రాయాలి? రాస్తే ఆ కాగితం ఫైల్లో ఉంటుంది. రేపు స్కాలర్‌షిప్ అప్పుడో, కుల ధ్రువపత్రం అప్పుడో ఎవరికో నా మీద కోపం వస్తే ఆ కాగితం బయటికి వస్తుంది. అందుకని మావాడు చేతులు జోడిస్తాడు, కళ్లు మూసుకుంటాడు, అందరికన్నా గట్టిగా చెప్తాడు. తెలుగు మాస్టారు మెచ్చుకున్నారట కూడా.

వేగావతి గారికి వరండా అయినా ఉంది. మాకు అదీ లేదు.

చంపావతి_టీచర్

ఇది చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. నా క్లాసులో మీ అబ్బాయిలాంటివాళ్లు ఉన్నారు. ఎవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది.

తప్పుకునే హక్కు ఇచ్చాం కదా అని చేతులు దులుపుకోవడం పెద్దవాళ్లకి సుఖంగా ఉంటుంది. పిల్లాడికి తప్పుకోవడమే ఒక ప్రకటన. వాళ్ల అమ్మానాన్న ఎవరు, ఏం నమ్ముతారు అని పొద్దున్నే నాలుగొందల మంది ముందు చెప్పుకోవడం. ఎవరూ పక్కకి జరగక్కర్లేనివే అసెంబ్లీలో ఉండాలి. మిగతావన్నీ బడి గంట కొట్టాక, గుడిలోనో ఇంట్లోనో.

అలాంటివి లేక కాదు. మన ప్రతిజ్ఞ ఉంది. దాన్ని పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు తెలుగులో రాశారు. దేశమంతా అన్ని భాషల్లో అదే చెప్తోంది. అందులో ఎవర్నీ వరండాలోకి పంపే మాట ఒక్కటి లేదు. మన పక్కూళ్లో పుట్టిన మాటని గుక్క తిప్పుకోకుండా గొణిగేసి, కొత్తగా ఏదో చేర్చాలని చూస్తాం.

కోట_జంక్షన్

అజ్ఞాత సభ్యుడు గారు రాసింది నాకు కష్టంగా ఉంది, అందులో వాదించడానికేం లేదు. కానీ టీచర్ గారూ, మీరు చెప్పిన దారిలో వెళ్తే తెలుగు వాచకంలోంచి గజేంద్రమోక్షం తీసెయ్యాలి, శతక పద్యాలు తీసెయ్యాలి, చివరికి అరసవల్లి సూర్యుడి గుడి పేరెత్తకూడదు. మతం తెలియని పిల్లలు ఎలాంటి మనుషులవుతారు? దేవుడి భయం లేకపోతే నీతి ఎక్కడ నిలుస్తుంది?

చంపావతి_టీచర్

అయ్యో, ఎవరు తీసెయ్యమన్నారు! గజేంద్రమోక్షం నేనే రాగయుక్తంగా చదివి వినిపిస్తాను. పద్యంగా చదువుతాం, అర్థం చెప్తాం, పరీక్షలో ప్రశ్న అడుగుతాం. దణ్ణం పెట్టమని అడగం. చదువుల మీద కేంద్రం వేసిన కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది కూడా ఇదే, మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి బోధించడం వేరు అని. 2002లో ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యప్రణాళిక కేసులో సుప్రీంకోర్టూ మతాల గురించి చెప్పడం 28వ అధికరణకి విరుద్ధం కాదంది.

మతాల గురించి నేను అందరికన్నా ఎక్కువే చెప్తాను. పిల్లల్ని శ్రీకాకుళం వైపు ఒక్కరోజు తిప్పితే చాలు. అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం స్థూపాలు, కళింగపట్నం దర్గా, అన్నీ ఒక్క చుట్టులో వస్తాయి. మన జిల్లాలో రామతీర్థం ఉంది. కింద రాముడి గుడి, గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలు, పక్కనే జైన శిల్పాలు. 2020 డిసెంబరులో అక్కడ విగ్రహం ధ్వంసమైనప్పుడు పార్టీలన్నీ కొండెక్కాయి. నా తొమ్మిదో తరగతి పిల్లలకి ఆ కొండల మీద బౌద్ధులుండేవారని అప్పటిదాకా తెలియదు. అది మా సోషల్ మాస్టర్ల తప్పు, ఎవరి కుట్రా కాదు.

అరసవల్లి ఎత్తారు కాబట్టి చెప్తాను. మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబరు మొదట్లో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. జనం దణ్ణం పెట్టుకుని వచ్చేస్తారు. నేను పిల్లల్ని అడిగాను, ఏడాదికి రెండుసార్లే ఎందుకు, ఆ రెండు తేదీలకీ సంబంధం ఏమిటి అని. క్యాలెండర్ పట్టుకుని లెక్కపెట్టారు. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21కి 80 రోజులు, అక్కణ్నుంచి మార్చి 10కి 79. సూర్యుడు దక్షిణానికి వెళ్తూ ఒకసారి, తిరిగొస్తూ ఒకసారి ఆకాశంలో అదే దారిన వస్తాడు. అంటే గుడి కట్టినవాళ్లు ద్వారాన్ని ఆ దిక్కుకి సరిచూసి పెట్టుకోవాలి. ఒకమ్మాయి "అయితే కట్టినోళ్లు భలే తెలివైనోళ్లు టీచర్" అంది. ఆ పిల్లది చర్చి కుటుంబమని నాకు తర్వాత తెలిసింది. రథసప్తమికి వెళ్లి మొక్కే పిల్లాడు, మొక్కని పిల్ల ఒకే బెంచీలో కూర్చుని ఆ లెక్క చేశారు. నాకు బడి అంటే అదీ.

వేగావతి

నీతి ఎక్కడ నిలుస్తుంది అన్నదానికి నా జవాబు. నాస్తిక ఉద్యమ నాయకుడు గోరా గారు, మన ఉమ్మడి గంజాం జిల్లా ఛత్రపురంలో 1902లో పుట్టారు, అప్పటికి శ్రీకాకుళం కూడా ఆ జిల్లాలోదే. దేవుడు లేడని రాసినందుకు 1933లో కాకినాడలో కాలేజీ ఉద్యోగం పోయింది. ఆ దేవుడి భయం లేని మనిషి అంటరానితనం మీద జీవితాంతం పోరాడాడు, సహపంక్తి భోజనాలు పెట్టించాడు, తన కూతుర్ని దళిత యువకుడికిచ్చి చేశాడు.

ఆ పెళ్లిలో అవతలి పక్షానిదీ చూడండి. గాంధీగారు పెళ్లి జరిపిస్తానన్నారు. ఆయన ఎంత భక్తుడో మనందరికీ తెలుసు. వధువు తండ్రి నాస్తికుడు కాబట్టి "దేవుడి పేరిట" అనే చోట "సత్యం పేరిట" అని మారుస్తానన్నారు. ఆయన చనిపోయాక, 1948 మార్చిలో సేవాగ్రాంలో ఆ పెళ్లి జరిగింది. గోరాని వరండాలో నిలబడమనలేదు ఆయన, మంత్రమే మార్చుకున్నారు. నేను హెడ్మాస్టరు గారి నుంచి కోరుకునేది అంతకంటే ఎక్కువ కాదు.

కోట_జంక్షన్

ఇది నాకు తెలియదు. సరే. నేను ఇప్పటికీ గీత పిల్లలకి అందాలనే అంటాను. మా కాలనీ గుళ్లో ఆదివారం క్లాసు పెడతాం, ఇష్టమున్నవాళ్లు వస్తారు. బడిలో చెప్పిస్తే మాకు శ్రమ తగ్గుతుందని ఆశపడ్డాం, అంతే.

ఉద్దానం_జీడి

అదీ అసలు మాట! ఇన్ని పేజీలు అయినాక ఇప్పుడు బయటపడినాది.

వేగావతి

శనివారం బడి యాజమాన్య కమిటీ సమావేశం ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, కాబట్టి మాట్లాడే చోటు అదే అనుకుంటున్నాను. వినతిపత్రం ఇలా రాశాను: "ఉదయ సమావేశంలో విద్యార్థులందరూ ఏ మినహాయింపూ కోరనవసరం లేకుండా పాల్గొనగల అంశాలనే ఉంచవలసిందిగా, ఇప్పుడున్న శ్లోక పఠనాన్ని ఆపవలసిందిగా కోరుతున్నాను. నేటి మంచిమాట కోసం శతక పద్యాలు, శాస్త్రవేత్తల జీవితాలు, మన జిల్లా చరిత్ర నుంచి వారానికి సరిపడా అంశాలు జతచేస్తున్నాను." టీచర్ గారు ఆ జాబితాకి సాయం చేస్తే బాగుంటుంది. ఎస్సీ కాలనీలో, ముస్లిం వీధిలో తిరిగి ఓ ముప్పై సంతకాలు తెస్తే బరువు ఉంటుంది కదా?

అజ్ఞాత_సభ్యుడు

కాలనీలోకి సంతకాలకి వెళ్లకండి సార్. పెట్టినవాళ్ల పేర్లు మర్నాడు ఊరంతా తిరుగుతాయి. పెట్టనివాళ్లని మీరు తప్పుగా అనుకుంటారు.

చంపావతి_టీచర్

ఆయన చెప్పింది నిజం. మీ ఒక్కరి పేరుతోనే ఇవ్వండి. ఉత్తరంలో ఏ కులం పేరూ, మతం పేరూ ఎత్తకండి. సమావేశం మినిట్స్‌లో "ఒక తండ్రి కోరారు" అని రాయించండి చాలు. మంచిమాటల జాబితా రేపు రాత్రికి పంపిస్తాను, మొదటి వారం అరసవల్లి లెక్కతో మొదలుపెట్టమనండి, తెలుగు మాస్టారు కూడా కాదనరు.

వేగావతి

అర్థమైంది. ఒక్కణ్నే ఇస్తాను.

ఉద్దానం_జీడి

మా ఊరు మీ మండలం కాకపోయింది బావూ, నేకపోతే రెండో సంతకం నాదే. మాకు ఎవులన్నా భయం నేదు, జీడితోటకి మతం గడి నేదు కదా.

నిర్వాహకుడు

శనివారం తర్వాత ఏమైందో వేగావతి గారు రాసేదాకా చర్చని తెరిచే ఉంచుతున్నాం. మధ్యలో తీసేసిన రెండు పోస్టులు ఎవరివో వాళ్లకే తెలుసు.